మార్కెటింగ్ టీముకు డిజైన్ సాఫ్ట్‌వేర్: ఫ్లెక్స్ షాపు నుంచి మొదలుపెట్టి ఎంచుకోవడం ఎలా

నెల్లూరులో బియ్యం మిల్లు, ఒంగోలులో బట్టల షోరూమ్, కావలిలో ఇంటర్ కాలేజీ, చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి. వ్యాపారం ఏదైనా ఇప్పుడు ఇద్దరు ముగ్గురితో చిన్న మార్కెటింగ్ టీము ఉంటోంది. వాళ్ళకు ఏ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రశ్న వస్తే ఓనర్లు చేసేది రెండే: యూట్యూబ్‌లో 'టాప్ టెన్' వీడియో చూడటం, తెలిసిన డిజైనర్‌ను అడగడం. వీడియో చేసినవాడికి మన ఫ్లెక్స్ షాపు సంగతి తెలియదు. డిజైనర్ తనకు చేతనైనదే మంచిదంటాడు. అందుకే ఇక్కడ వరుస తలకిందులుగా పెడుతున్నాను. ముందు డిజైన్ చివరికి ఎక్కడికి చేరుతుందో చూడండి, తర్వాత తెలుగు అక్షరం, తర్వాత మనుషులు. సాఫ్ట్‌వేర్ పేరు ఆ తర్వాతే.

1. గత ఏడాది పనిని మూడు కుప్పలు చేయండి

ఫ్లెక్స్ షాపు బిల్లులు, ప్రెస్ బిల్లులు, టీము వాట్సాప్ గ్రూపులో ఉన్న ఫొటోలు ముందేసుకుని కూర్చుంటే ఒక సాయంత్రంలో తేలిపోతుంది. ఫోన్‌లో చూసేవన్నీ ఒక కుప్ప: స్టేటస్, ఇన్‌స్టా పోస్టు, యూట్యూబ్ థంబ్‌నెయిల్. కాగితం మీదికీ ఫ్లెక్స్ మీదికీ వెళ్ళేవి రెండో కుప్ప. సంచి, ప్యాకెట్, డబ్బా మీద అచ్చయ్యేవి మూడోది.

మొదటి కుప్పకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. స్టేటస్ 1080 × 1920 పిక్సెళ్ళు, థంబ్‌నెయిల్ 1280 × 720. ఉచిత సాఫ్ట్‌వేర్ అయినా, ఫోన్ యాప్ అయినా ఈ పని చేసిపెడుతుంది.

రెండో కుప్పతో రంగుల గొడవ మొదలవుతుంది. తెర మీద రంగులు వెలుతురుతో పుడతాయి, దాన్ని ఆర్‌జీబీ అంటారు. అచ్చులో రంగు నాలుగు సిరాల కలయిక, అది సీఎంవైకే. తెర మీద మెరిసే చిలకాకుపచ్చ, ఆక్వా కంపెనీలు ఇష్టపడే ఆ మెరుపు నీలం, రెండూ కాగితం మీదికి వచ్చేసరికి మసకబారతాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ది ఇంకో చిక్కు. నల్లటి రాయి మీద బంగారు చుక్కలే దాని అందం. కేటలాగ్‌లో ఆ నలుపును ఒక్క నల్ల సిరాతో వేస్తే బూడిదరంగుకు తిరుగుతుంది. నలుపుకు తోడుగా మిగతా మూడు సిరాలూ కొంత కొంత కలిపితేనే ఆ లోతు వస్తుంది. ఇలా సిరా పాళ్ళు చేత్తో సరిచేయడం అడోబ్ కంపెనీవైన ఫొటోషాప్ (ఫొటోలు దిద్దేది), ఇలస్ట్రేటర్ (గీతల బొమ్మలు గీసేది), దానిలాంటిదే అయిన కోరల్‌డ్రాలో కుదురుతుంది. బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ నడిచే కాన్వాలో డబ్బు కట్టిన ఖాతా ఉంటే డౌన్‌లోడ్ చేసేటప్పుడు సీఎంవైకే పీడీఎఫ్ ఇస్తుంది, కానీ పాళ్ళు మన చేతిలో పెద్దగా ఉండవు. వెబ్‌సైట్లు, యాప్‌ల డిజైన్‌కు వాడే ఫిగ్మాలో సీఎంవైకే అసలు లేదు.

మూడో కుప్ప ఉందంటే మిగతా చర్చంతా సగానికి తగ్గిపోతుంది. బియ్యం బస్తా సంగతే చూడండి. బీఓపీపీ (మెరిసే ప్లాస్టిక్ పొర ఉన్న) సంచుల మీద బొమ్మను గ్రావ్యూర్ పద్ధతిలో వేస్తారు, ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కించాలి. కాబట్టి సంచుల తయారీదారు అడిగేది ఫొటో కాదు, రంగులు విడివిడిగా ఉన్న వెక్టర్ ఫైలు. అంటే బొమ్మ చుక్కలుగా కాకుండా గీతలుగా ఉండాలి, ఎంత పెంచినా పగలకూడదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న బియ్యం ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక చాలామంది మిల్లర్లు 26 కిలోల బస్తాకు మారారు. డిజైన్‌లో మారాల్సింది ఒక్క అంకె. అసలు ఫైలు దగ్గర ఉంటే అది పది నిమిషాల పని. జేపీజీ ఒక్కటే మిగిలి ఉంటే బస్తా బొమ్మ మొత్తం మళ్ళీ గీయించుకోవాలి. మీకు ఇలాంటి పని ఏడాదికి ఒక్కటి ఉన్నా సరే, టీములో ఒక్కరి దగ్గరైనా ఇలస్ట్రేటర్ లేదా కోరల్‌డ్రా స్థాయి సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే.

2. పెన్‌డ్రైవ్ తీసుకుని ఫ్లెక్స్ షాపుకు వెళ్ళండి

మీ పని ఎక్కువగా ఎవరి దగ్గర అచ్చవుతుందో వాళ్ళ దగ్గరికి మధ్యాహ్నం పూట వెళ్ళండి. సాయంత్రం వెళ్తే, అందులోనూ పెళ్ళిళ్ళ సీజన్లోనో ఎన్నికలప్పుడో అయితే, ఆపరేటర్ తలెత్తి మాట్లాడడు. టీ ఇప్పించి నాలుగు సంగతులు కనుక్కోండి.

ఏ ఫైలు తెరుస్తారు? మన ఊళ్ళలో చాలా షాపులది కోరల్‌డ్రా రాజ్యం, అదీ పాత వెర్షన్. కొత్త కోరల్‌లో చేసి అలాగే సేవ్ చేసిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు. సేవ్ చేసేటప్పుడే వెర్షన్ తగ్గించాలి. కాబట్టి వాళ్ళ వెర్షన్ నంబరు రాసుకోండి.

అక్షరాలు కర్వ్స్ చేసి ఇవ్వాలా? ఇవ్వాలనే అంటారు. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ వాళ్ళ దగ్గర లేకపోతే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి. కర్వ్స్ చేస్తే అక్షరం బొమ్మగా మారిపోతుంది, ఫాంట్‌తో పని ఉండదు. కోరల్‌లో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. ఒకసారి కర్వ్స్ అయ్యాక తప్పు దిద్దలేం కాబట్టి ముందు ఫైలును వేరే పేరుతో దాచి, ఆ తర్వాతే మార్చాలి.

కొలత ఎంత, రిజల్యూషన్ ఎంత? దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్స్‌కు అంగుళానికి 72 చుక్కలు సరిపోతాయి. చేతిలో పట్టుకుని చదివే పాంప్లెట్‌కు 300 కావాలి. 72 లెక్కలో కూడా పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్స్ 8640 × 6912 పిక్సెళ్ళు అవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన లోగోను దాని మీద పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాన్వాలో పేజీ కొలతకు పైపరిమితి ఉంది, కాబట్టి ఇంత పెద్దదానికి అదే నిష్పత్తిలో, అంటే 40 × 32 అంగుళాల పేజీ చేసి పీడీఎఫ్ ఇవ్వాలి. అలా ఇస్తే తీసుకుంటారో లేదో అక్కడే అడిగేయండి.

ఇక పాంప్లెట్‌కు కోతలో పోయేందుకు నాలుగు వైపులా డిజైన్‌ను 3 మిల్లీమీటర్లు ఎక్కువ పెంచి ఇవ్వాలి, ఫ్లెక్స్‌కు తాడు కట్టే రంధ్రాల కోసం అంచున జాగా ఉంచాలి. ఫైలును వాట్సాప్‌లో పంపేటట్టయితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి.

3. తెలుగు అక్షరంతో పరీక్ష పెట్టండి

టాప్ టెన్ వీడియోల్లో ఈ మాటే ఉండదు. మనకు మాత్రం సగం సాఫ్ట్‌వేర్లు ఇక్కడే రాలిపోతాయి.

ఒక నోట్‌ప్యాడ్‌లో ఈ మాటలు టైప్ చేసి పెట్టుకోండి: కృష్ణపట్నం, బుచ్చిరెడ్డిపాళెం, లక్ష్మీ, రాష్ట్రం, స్త్రీ, జ్ఞానం, శ్రేష్ఠం, మార్కాపురం, ఉగాది శుభాకాంక్షలు. మీ కంపెనీ పేరు, అడ్రసు కూడా చేర్చండి. చూడబోయే ప్రతి సాఫ్ట్‌వేర్‌లో వీటిని పేస్ట్ చేసి ఒత్తులు అక్షరం కిందే కూర్చున్నాయా, పక్కకు జరిగాయా, పొల్లు విడిగా కనిపిస్తోందా చూడండి. ముఖ్యంగా 'ష్ట్ర', 'క్ష్మీ'. రెండు ఒత్తులున్న అక్షరం సరిగా వచ్చిందంటే మిగతావి దాదాపు వచ్చేస్తాయి. తెర మీద బాగున్నంత మాత్రాన వదిలేయకండి. పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసి, దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి మళ్ళీ చదవండి.

కొన్నింటిలో అక్షరం విరిగేది సెట్టింగు వల్ల. ఫొటోషాప్ పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అన్న ఆప్షన్ పెట్టాలి. పేజీలు కూర్చే అడోబ్ ఇన్‌డిజైన్‌లో 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోవాలి. ఇవి తెలియక 'అడోబ్‌లో తెలుగు రాదు' అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఫొటోలు, గీతల బొమ్మలు, పేజీలు అన్నీ చేసే అఫినిటీది వేరే కథ. దాని 2వ వెర్షన్ దాకా మన ఒత్తులను కూర్చడమే రాదు. దాన్ని చేసే కంపెనీని 2024లో కాన్వా కొనేసింది, 2025 అక్టోబరులో కొత్త అఫినిటీని ఉచితంగా వదిలింది. ఉచితం కదా అని దూకకుండా, పై మాటలు వేసి చూసి, అచ్చు సంతృప్తిగా ఉంటేనే తీసుకోండి. ఇంగ్లీషు కేటలాగ్ ఒక్కటే చేసే గ్రానైట్ ఎగుమతిదారుకు మాత్రం ఈ చిక్కు లేదు, నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇక అను ఫాంట్ల సంగతి. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్ల జోడీ నడుస్తోంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో! ఆ హెడ్డింగు అక్షరాల సోకు చూస్తే ఆపరేటర్లు ఎందుకు వదలరో అర్థమవుతుంది. కానీ పాత అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, కంప్యూటర్ లెక్క ప్రకారం తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఏర్పాటు అది. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి ఇంగ్లీషు వస్తుంది. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు 1991 నుంచే ఉన్నాయి. మీరు ఫోన్‌లో కొట్టేది అదే. మీరు యూనికోడ్‌లో పంపిన మ్యాటర్‌ను షాపువాడు అనులో మళ్ళీ కొడితే, ప్రతిసారీ ప్రూఫ్ చూసుకోవాలి. ఆఫరు తేదీ తప్పుగా అచ్చయ్యేది ఇక్కడే.

కాబట్టి టీములో మ్యాటర్ అంతా యూనికోడ్‌లోనే ఉండాలన్న నియమం పెట్టండి, షాపుకు కర్వ్స్ చేసిన ఫైలే ఇవ్వండి. మళ్ళీ టైప్ చేసే అవసరమే రాదు. యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవన్నది పాత మాట. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, గిడుగు, శ్రీకృష్ణదేవరాయ, బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు వగైరా ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఫ్లెక్స్ హెడ్డింగుకు నా ఓటు రామభద్రకు, కింద వివరాలకు మండలికి. మూడో ఫాంట్ జోలికి పోకపోతేనే బాగుంటుంది. కాన్వాలో ఉన్న తెలుగు ఫాంట్లు మీకు నచ్చకపోతే సొంత ఫాంట్ ఎక్కించడానికి డబ్బు కట్టిన ఖాతా కావాలి.

ఏఐతో పోస్టర్ చేయించే ఉబలాటం ఇప్పుడు ఎక్కువైంది. బొమ్మ వరకు చేయించుకోండి. అక్షరాలు మాత్రం మీరే సాఫ్ట్‌వేర్‌లో వేయండి. ఏఐ గీసిన తెలుగు అక్షరాలు తరచూ తెలుగులా కనిపించే గీతలే.

4. ఎవరు ఏం మారుస్తారో చూడండి

చిన్న టీముల్లో నిజంగా డిజైన్ తెలిసిన మనిషి ఒక్కరే ఉంటారు. మిగతావాళ్ళు చేసేది ధర మార్చడం, తేదీ మార్చడం, బ్రాంచి ఫోన్ నంబరు మార్చడం. ఆదివారం పూట ఉదయగిరి బ్రాంచి వాళ్ళు ఆఫరు పోస్టర్ అడిగితే, ఆ చిన్న మార్పు కోసం డిజైనర్‌కు ఫోన్ చేయాల్సి వస్తోందా? అలా అయితే మీకు కావాల్సింది ఇంకో ఫొటోషాప్ లైసెన్సు కాదు. టెంప్లేట్ (అంకెలు, మాటలు మార్చి మళ్ళీ మళ్ళీ వాడుకునే నమూనా) చేసి పెడితే ఎవరైనా ఫోన్‌లోనే మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్. సంక్రాంతి, ఉగాది, రొట్టెల పండుగ, దసరా, అడ్మిషన్ల సీజన్... వీటికి ముందే టెంప్లేట్లు సిద్ధం చేసి, లోగో, రంగులు కదలకుండా లాక్ వేసి పెట్టొచ్చు.

కంప్యూటర్లను కూడా ఇప్పుడే చూడండి. ఫొటోషాప్‌కు కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి, హాయిగా నడవాలంటే 16. బ్రౌజర్‌లో నడిచే కాన్వా, ఫిగ్మా లాంటివి పాత కంప్యూటర్‌లోనూ సర్దుకుంటాయి, కానీ నెట్ పోతే పని ఆగుతుంది. ఎండాకాలం కరెంటు సంగతి మీకు తెలిసిందే.

5. ఇప్పుడు పేర్లు

ఇక్కడిదాకా వచ్చేసరికి మీ ముందు మిగిలేవి కొద్దిగానే ఉంటాయి.

ఫోన్ పోస్టులు, అప్పుడప్పుడు పాంప్లెట్ అంతే అయితే కాన్వా ఉచిత ఖాతాతో మొదలుపెట్టండి. చాలక డబ్బు కట్టాల్సి వస్తే ఎందుకు చాల్లేదో మీకే తెలుస్తుంది. దానిలోని టెంప్లేట్ లోగోను మాత్రం మీ కంపెనీ లోగోగా పెట్టుకోకండి. ఆ బొమ్మ మీద హక్కు మీ ఒక్కరిది కాదు, ట్రేడ్‌మార్కుకు పనికిరాదు. లోగో విడిగా గీయించుకోండి.

ఫ్లెక్స్‌లు, బోర్డులు, బస్తాలు ఎక్కువైతే కోరల్‌డ్రా. ఊళ్ళో షాపులతో మాట కలుస్తుంది, దాన్ని నడిపే మనిషి దొరకడం తేలిక, ఏడాది చందాతో పాటు ఒకేసారి కొనుక్కునే లైసెన్సు కూడా ఉంది. ఎగుమతులు, హైదరాబాద్, చెన్నై ఏజెన్సీలతో పని ఉంటే ఇలస్ట్రేటర్, ఫొటోషాప్. అడోబ్ 2013 నుంచి చందా పద్ధతికే వెళ్ళిపోయింది, ఒకసారి కొని ఉంచుకోవడం కుదరదు. ఫిగ్మా వెబ్‌సైట్, యాప్ చేసేవాళ్ళకు చక్కటి సాధనం. ఫ్లెక్స్‌ల టీముకు దానితో పని లేదు.

డబ్బు అసలు లేదంటే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ (వెక్టర్ బొమ్మలకు), జింప్ (ఫొటోలకు) తీసుకోండి. తెలుగు చక్కగా కూర్చుతాయి. అచ్చుకు సీఎంవైకే పీడీఎఫ్ ఇవ్వడంలో ఇంక్‌స్కేప్ వెనకబడి ఉంది, ఆ పని పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ చేస్తుంది. ఎవరైనా పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైలు పంపితే తెరవడానికి బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ ఉంది.

నన్నడిగితే మన జిల్లాల్లో నలుగురైదుగురి టీముకు, ఒక్క కోరల్ లేదా ఇలస్ట్రేటర్ లైసెన్సు, మిగతా అందరికీ కాన్వా. డిజైనర్ వెక్టర్‌లో అసలు బొమ్మ చేస్తాడు, దాన్నుంచి టెంప్లేట్లు కాన్వాలో పెడతాడు. అందరికీ అన్నీ కొనడం దండగ.

క్రాక్ వెర్షన్ గురించి ఒక్క ముక్క. కాపీరైట్ చట్టం 1957లోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. అంతకన్నా ముందు వచ్చేది వైరస్. ట్యాలీ ఉన్న కంప్యూటర్‌లో క్రాక్ ఫైలు నడపడానికి ఏ అకౌంటెంటూ ఒప్పుకోడు.

6. రెండు వారాలు నిజమైన పనితో నడపండి

ట్రయల్ గడువులు ఒకేలా ఉండవు. అడోబ్ మామూలుగా 7 రోజులిస్తుంది, కోరల్ 15. కాబట్టి పని సిద్ధంగా పెట్టుకున్నాకే ట్రయల్ మొదలుపెట్టండి. ఒక పాంప్లెట్, ఒక ఫ్లెక్స్, వారం రోజుల స్టేటస్‌లు, పాత బస్తా డిజైన్‌లో ఒక దిద్దుబాటు. ఈ పనులను టీములో అందరికన్నా తక్కువ వచ్చిన మనిషి చేత చేయించండి, డిజైనర్ చేత కాదు. డిజైనర్ దేనిలోనైనా చేసేస్తాడు. ఎన్నిసార్లు ఎవరిని సాయం అడగాల్సి వచ్చిందో రాయించండి.

ఫ్లెక్స్‌ను తెర మీద చూసి సరే అనొద్దు. రెండడుగుల ముక్క అచ్చు వేయించి ఎండలో పెట్టి చూడండి. దానికయ్యే ఖర్చు టీకొట్టు బిల్లంత ఉంటుంది.

7. డబ్బు, ఖాతా

లెక్క ఇలా వేయండి: ఒక్కొక్కరి నెల చందా, దాన్ని మనుషుల సంఖ్యతో, పన్నెండుతో గుణించి, మీద 18 శాతం జీఎస్టీ. కొనేటప్పుడే జీఎస్టీ నంబరు ఎక్కిస్తే ఆ పన్ను క్రెడిట్ తీసుకోవచ్చు, తర్వాత గుర్తొస్తే ఇన్‌వాయిస్ కోసం తిరగాలి. అడోబ్ ఏడాది ప్లాన్‌ను నెలనెలా కట్టే పద్ధతిలో తీసుకుంటే, మధ్యలో ఆపినప్పుడు మిగిలిన నెలల డబ్బులో కొంత వసూలు చేస్తారు. 'నెలకు ఇంతే కదా' అని సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవండి. ఇంకొకటి: కార్డు నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చందా 15 వేల రూపాయలు దాటితే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ప్రతిసారీ ఓటీపీ లాంటి ఆమోదం కావాలి. ఆ ఫోన్ ఓనర్ దగ్గర ఉండి, ఆయన తిరుమల కొండ మీద ఉంటే, ఆ రోజు ఖాతా ఆగిపోవచ్చు. ఏడాది చందా ఒకేసారి కట్టేవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఖాతా ఎవరి మెయిల్ మీద తెరుస్తున్నారన్నది ధర కన్నా ముఖ్యం. డిజైనర్ సొంత జీమెయిల్ మీద తెరిచి, ఆరు నెలలకు అతను బెంగళూరు వెళ్ళిపోతే, టెంప్లేట్లు, ఫాంట్లు, బస్తా ఫైళ్ళు అన్నీ అతనితోనే వెళ్తాయి. చెడ్డవాడేం కాదు, పాస్‌వర్డు మర్చిపోతాడంతే. కంపెనీ పేరు మీద ఒక మెయిల్ తెరిచి, అది యజమాని ఖాతాగా ఉంచి, మిగతావాళ్ళను సభ్యులుగా చేర్చండి. నెలకొకసారి అసలు ఫైళ్ళు, కర్వ్స్ చేయని కాపీలు, వాడిన ఫాంట్లు ఒక హార్డ్‌డిస్క్‌లోకి దింపి, ఆఫీసు బీరువాలో పెట్టించండి. చందా తేదీకి నెల ముందు ఫోన్‌లో గుర్తు పెట్టుకుని, ఆ రోజు సభ్యుల జాబితా తెరవండి. మూడు నెలలుగా ఎవరైతే లాగిన్ కాలేదో వాళ్ళ సీటు తీసేసి, మిగతావాటికే కట్టండి.